ఆ శనివారం నేను కాల్చిన ఆరు తూటాలు

మా ఎదురింటి అంకుల్ పోయారని వాళ్లమ్మాయి పొద్దున మెసేజ్ పెట్టింది. "అక్కా, డాడ్ ఈజ్ గాన్." ఒకటే లైను. నేను ఆఫీసు మీటింగులో ఉన్నాను. ఏం చేయాలో తోచక థంబ్స్ అప్ నొక్కి, నాలుక కరుచుకుని తీసేశాను. అప్పటినుంచి నా బుర్ర కుదురుగా లేదు. ఈ రాత కూడా వరస తప్పితే క్షమించండి.

ఆయన ఇక్కడే, కెనడాలోని సస్కటూన్‌లో, విత్తనాలు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యారు. గింజలు తూచిన చెయ్యి ఊరుకోక, రివాల్వర్ తూటాలు చేయడం మొదలుపెట్టారు. కాల్చేసిన తూటాల ఖాళీ కేసులు శుభ్రం చేసి, పౌడర్, అంటే తుపాకి మందు, కొలిచి పోసి, మూతిలో కొత్త బుల్లెట్ బిగించడమన్నమాట. రీలోడింగ్ అంటారు. అప్పుడే తుపాకి లైసెన్సు తెచ్చుకున్న నేను, నాకూ నేర్పమని వాళ్ల బేస్‌మెంట్‌లో తేలాను.

నా తూటాలు గురి మీద తప్ప అన్నిచోట్లా తగిలేవి.

"పౌడరూ బుల్లెట్టూ రెండూ మార్చేద్దాం అంకుల్, పీడ పోతది."

"ఒక్కటే మార్చమ్మా. రెండూ మారిస్తే, బాగుపడినా ఎందుకు బాగుపడ్డామో తెలీదు."

ఒకే కంపెనీ కేసులు ఏరించేవారు. పోసిన ప్రతిసారీ పౌడర్ తూకం వేయించేవారు. బుల్లెట్ బిగించాక పొడవు కొలిపించేవారు. ఫోన్ మెట్ల మీదే వదిలి దిగాలి. పెట్టె మీద పేరూ కొలతలూ రాసిన చీటీ లేకపోతే ఇక చచ్చామే, అందులో తూటాలన్నీ విప్పాల్సిందే. ఓసారి అలా యాభై విప్పాను. ఆయనకు వినబడేలానే తిట్టుకున్నాను. "ఇంగ్లీషులో తిట్టమ్మా, అది నాకింకా సరిగా రాలేదు" అన్నారు, కళ్లద్దాలు తుడుచుకుంటూ.

ఇక్కడ ప్రభుత్వం చేతి తుపాకుల అమ్మకాలు ఆపేసింది కాబట్టి నాకంటూ రివాల్వర్ లేదు. షూటింగ్ రేంజ్‌లో ఆయన పక్కనుండగా, వంతులు వేసుకుని ఆయనదే కాల్చేదాన్ని. ఓ శనివారం నా ఆరు తూటాలూ అరచేతంత చోటులో పడ్డాయి. పెద్దదాన్నని కూడా చూడకుండా గంతులేశాను. నా కొలత కుదిరిందని ఇంటికెళ్లి మా ఆయనకు పాఠం చెప్పాను. అంకుల్ మాత్రం "బాగుంది" అని ఊరుకున్నారు.

కార్యక్రమాలన్నీ అయ్యాక ఆంటీ రమ్మన్నారు. రివాల్వర్ ఇంకొకరి పేరు మీదకు మారదట, పోలీసులు వచ్చి తీసుకెళ్లారట. ఆ మాట చెప్పి, టీ కప్పు చేతిలో పెట్టి ఎదురుగా కూర్చున్నారు.

"నీకో సంగతి చెప్పాలమ్మా. ఆ రోజు నువ్వు కాల్చినవి నీ తూటాలు కావు, మీ అంకుల్‌వి. నీవి ఆయన కాల్చారు."

"అదెట్లా ఆంటీ? చీటీలున్నయ్ కదా!"

"పెట్టెలు తారుమారయ్యాయన్నారు. పొరపాటునా, కావాలనా అని అడిగాను. నవ్వేశారు. నీకు తనే చెబుతానన్నారు. ఈ శనివారం, పై శనివారం అంటూనే వెళ్లిపోయారు."

నాకు కోపం వచ్చిందో ఏడుపు వచ్చిందో ఇప్పటికీ తెలియదు. పొరపాటే అయితే, నా చేత యాభై విప్పించిన మనిషికి అదెలా జరిగింది? కావాలనే అయితే పరీక్షించింది నా తూటాలనా, నా చేతినా? ఆ రోజు కుదిరిన గురి నాదా, ఆయన పనితనానిదా? ఆ రివాల్వర్‌తో నా తూటాలు మరోసారి కాలిస్తే తేలేది. ఇక తేలదు. నాకు ఓపిక నేర్పిన ఒకే ఒక్క మనిషి, నేను నేర్చుకున్నానో లేదో చెప్పకుండా పోయారు. అదే నా బాధ.

టీ చల్లారిపోయింది. ఆంటీ లేచి ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉన్న కాగితం తీసుకొచ్చారు. టార్గెట్ కాగితం.

"నీ తూటాలతో ఆయన కాల్చింది ఇదే. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చూపించారు, ఒక్క నీకు తప్ప."

కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నాను. ఆరు చిల్లులూ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఒకటే చిల్లు అయ్యాయి. బొటనవేలు ఆనించాను. వెలుగు మొత్తం మూసుకుపోయింది.