దుప్పి తల ఎవరికి ఇచ్చాం

మా ఊళ్లో ఇప్పటికీ అతన్ని ‘దుప్పిని కొట్టినోడు’ అంటారు. అతను కొట్టలేదు. ఆ సంగతి ఊళ్లో సగం మందికి తెలుసు. అందరికంటే నాకు ఎక్కువ తెలుసు. మూడేళ్లు నోరు మూసుకున్నాను.

దేవరాపల్లి దాటాక కొండ మొదట్లో నా చెరకు తోట. దాని పైన అతని మెట్ట, చోళ్లు, అంటే రాగులు వేస్తాడు. ఆ రోజు పొద్దున్నే దిగి వచ్చి, గెడ్డ వాగులో దుప్పి చచ్చి పడి ఉందన్నాడు. వెళ్లి చూశాను. మెడ నిండా కుక్క పళ్ల గాట్లు. మా ఊరకుక్కలే తరిమి ఉంటాయి.

“ఫారెస్టోళ్లకి కబురు సెప్పీమంటారా బాబూ? కొండోళ్లం. రేపు మా మీదికే వత్తాది,” అన్నాడు.

అతను బడికి వెళ్లలేదు. నేను డిగ్రీ చదివాను. అయినా నేనే అన్నాను: “సచ్చిపోయినదానికి కేసేటిరా? మనం సంపేమా?”

చట్టం ఏమంటుందో తర్వాత తెలుసుకున్నాను. అడవి జంతువు ఎలా చచ్చినా అది ప్రభుత్వానిది. మాంసం, తోలు, కొమ్ము, ఏదీ ఉంచుకోకూడదు. దొరికినవాడు రెండు రోజుల్లోగా పోలీసులకో అటవీశాఖకో చెప్పాలి. అతను అడిగింది సరిగ్గా అదే. చెప్పి ఉంటే పశువుల డాక్టరు వచ్చి ఆ మెడ చూసేవాడు. అక్కడితో అయిపోయేది.

చెప్పలేదు. మా వైపు మాంసం పోగులు వేసి ఇంటికొకటి పంచుకుంటాం. అడ్డాకులు పరిచి పన్నెండు పోగులు వేశాం. “ఆ తొడ మా బావకేయండి, మోకాలు నొప్పికి మంచిదట,” అని ఒకాయన నన్ను ఆటపట్టించాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. దొరికినవాడికి తల ఇవ్వడం మర్యాద. అతను వద్దన్నాడు. నేనే ఎత్తి అతని చేతుల్లో పెట్టాను. తోలు కాల్చేశాం. మెడ కూర అయిపోయింది. అతను చంపలేదని చెప్పే సాక్ష్యమంతా పన్నెండిళ్ల వాళ్లం తినేశాం. మిగిలింది ఆ తల ఒక్కటే.

ఆ తల పట్టుకున్న అతన్ని ఎవరో ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టారు. మూడో రోజు జీపు వచ్చింది. కొమ్ములు అతని చూరులో దొరికాయి. ఆ వేళకి నేను అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఉన్నాను. ఫోన్లో చెప్పారు. పని అయిపోయినా సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. పన్నెండిళ్లలో ఒక్కరూ నోరు విప్పలేదు. తొడ గురించి జోకేసినాయనే అందరికంటే ముందు, కొండోళ్లు వేటాడక మానరని జీపు వాళ్లకి చెప్పాడట. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కానీ ఆయన అన్నదాన్ని నేను కాదనలేదు.

అతను కొన్నాళ్లు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చాడు. ఆ ఏడు అతని మెట్ట బీడు పడింది. వాయిదా ఉన్నప్పుడల్లా అనకాపల్లి బస్సెక్కుతాడు. మొన్న అదే బస్సులో నేనూ ఉన్నాను. వెనక సీట్లో ఎవరో “దుప్పి మాంసం తెచ్చేవేటి మామా?” అన్నారు. బస్సంతా నవ్వింది. అతను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. నా వైపు ఒక్కసారి కూడా తిరగలేదు.

మర్నాడు అతనింటికి వెళ్లి, కోర్టులో నిజం చెబుతానన్నాను. కూర్చోమనలేదు.

“ఆ రోజు సెప్పీసుంటే సరిపోయేది బాబూ. ఇప్పుడు సెప్తే మీ మీదా కేసు పడతాది. అప్పుడు నా పక్కన నిలబడతారా, మళ్లీ మార్కెట్టుకెళ్లిపోతారా?”

తిన్నగా అతని లాయరు దగ్గరికి వెళ్లాను. గెడ్డ, కుక్క గాట్లు, నేనన్న మాట, తల ఎవరు ఎవరికిచ్చారో అన్నీ చెప్పాను. ఆయన రాసుకుంటూ ఆగి, మీరు తిన్నారన్నది వదిలేద్దామా, మీకే ఇబ్బంది అన్నాడు.

ముందు అదే రాయమన్నాను.