రెండో పేరే ముందు చదివిన బాబాయ్

మా పక్కింటి బాబాయ్ పోయారని సోమవారం పొద్దున్నే పెందుర్తి నుంచి ఫోనొచ్చింది. పోర్టులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. ఆయన్ని తలుచుకుంటే నాకు ఏడుపుకంటే ముందు గర్వమే వస్తోంది, ఏం చేయను!

ఒకప్పుడు ఆదివారాలు ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ మేడమీద మా ఫిల్మ్ క్లబ్ నడిచేది. పాత విదేశీ సినిమా వేసి, శబ్దం తగ్గించి, పాత్రలన్నిటి మాటలూ బాబాయే మైకులో తెలుగులో చెప్పేవారు. ఆడవాళ్ల మాటలొస్తే కండువా నోటికి అడ్డం పెట్టుకునేవారు. మొదలెట్టే ముందు సినిమా తీసినవాళ్ల పేర్లు పైకి చదవడం ఆయన నియమం.

ఒకసారి యాభైల నాటి ఇటలీ హాస్యచిత్రం తెచ్చారు. దర్శకులుగా ఇద్దరి పేర్లున్నాయి. పేరుమోసినాయన ఊరికే పేరిచ్చాడనీ, తీసిందంతా రెండో ఆయనేననీ కొందరంటారు. కాదు, ఇద్దరూ తీశారని మరికొందరు. ఆ తగువు ఇప్పటికీ తేలలేదట. బాబాయ్ రెండో పేరే ముందు చదివారు. ఎందుకని అడిగితే, "పెద్దాయన పేరు ఎలాగా నిలబడతాది. సిన్నోడిది మనం సదవకపోతే ఎవుడు సదువుతాడు?" అన్నారు.

ఆ సినిమాకి తెలుగు మాటలు రాసింది నేను. గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికొచ్చిన మా నాన్నకి ఇదంతా పనికిమాలిన పని. "ఇదే ఆఖరు. రేపట్నుంచి బ్యాంకు కోచింగులో చేరుతున్నావ్," అని తేల్చేసి, నన్ను వెంటబెట్టుకుపోవడానికే వచ్చి వెనక వరసలో కూర్చున్నారు.

జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఇంటర్వెల్లో ఒకాయన బాబాయ్ చెయ్యి పట్టుకుని, "మాటలు భలే రాసీసినావ్, బావా!" అంటూ ఆ రోజు అందరికీ పంచిన కరపత్రం చూపించాడు. 'తెలుగు మాటలు' అన్నచోట బాబాయ్ పేరుంది. చెప్పేది ఆయనే కాబట్టి రాసిందీ ఆయనేననుకుని క్లబ్బువాళ్లు వేసేశారు. బాబాయ్ మొహం ఎర్రబడింది. మైకు అందుకున్నారు.

"అందరూ ఒక్కపాలి ఇనండి. నాను గొంతిచ్చినానంతే. మాటలు రాసింది ఈ పాప. కాయితమ్మీద నా పేరు కొట్టీసి పాప పేరు రాయండి. రాసినాకే సినిమా."

"ఇప్పుడేటి బావా, తర్వాత సూద్దుం," అన్నాడాయన.

"తర్వాతంటే ఆ ఇటలీవోడి గతే," అన్నారు బాబాయ్.

హాల్లో అందరూ పెన్నుల కోసం జేబులు తడుముకున్నారు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు, కానీ అంత సంతోషం మళ్లీ ఎరగను. ఇవాళ మాటలు రాసుకునే బతుకుతున్నాను. అది ఆయన పెట్టిన భిక్షే.

లైట్లు ఆరాయి. వెనక్కి తిరిగి చూశాను. మా నాన్న మోకాలి మీద కాగితం పెట్టుకుని, తెర వెలుగులో, ఇంటిపేరుతో సహా నా పేరు రాస్తున్నారు. తెరమీద బొమ్మ కదులుతోంది. నాన్న పెన్నుకి మూత పెట్టేదాకా బాబాయ్ మైకు ముందు నోరు విప్పలేదు.