మూడు పడుగుల గడువు

మొన్న మధ్యాహ్నం భవానీపురంలో మా చిన్నమ్మాయి ఇంట్లో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాను. టీవీలో ఎవరో పెద్దాయన, పిల్లల్ని ఇంకా కనండని చెబుతున్నాడు. ముందుముందు బడులకు పిల్లలే దొరకరట. ఒక్క కొడుకుతో ఆపేసిన మా మనవరాలు ఫోనులోంచి తల ఎత్తకుండానే, "ఆయన్నొచ్చి పెంచమను అమ్మమ్మా" అంది. నవ్వొచ్చింది. నవ్వుతూనే చెయ్యి ఆగిపోయింది. నా కాలంలో ఇలాంటి పెద్దమనుషులే ఇక చాలు, ఆపండని మైకుల్లో అరిచేవాళ్ళు. ఆ మాట విని ఆపబోయి నేను పడ్డ భయం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

అప్పుడు మాది మంగళగిరి. ఒక గుంట మగ్గం, మా అత్త, మా ఆయన, నేను, ఇద్దరు ఆడపిల్లలు. బెజవాడ బస్టాండు గోడ మీద ఒక బొమ్మ ఉండేది: నాన్న, అమ్మ, ఒక బాబు, ఒక పాప. నలుగురూ ఉతికి ఇస్త్రీ చేసినట్టుండేవాళ్ళు. నాకు చదువు రాదు గానీ బొమ్మ అర్థమయ్యేది. ఆ బొమ్మ ప్రకారం మాకు ఒక మగపిల్లాడు తక్కువ. మా అత్త ప్రకారం నలుగురు తక్కువ. నేత ఇంట్లో పిల్లలంటే చేతులని ఆవిడ లెక్క. కండెలు చుట్టడానికి ఒకరు, పడుగు అతకడానికి ఒకరు, రేపు మగ్గంలో దిగడానికి ఒకరు. మా పెద్దది ఏడేళ్ళకే రాట్నం ముందు కూర్చుని, నూలు వేలిని కోస్తే ఏడుస్తూ చుట్టేది. దాన్ని చూసి మా ఆయనే, "ఈ ఇద్దర్నీ బడికి పంపుదామే. ఇంక చాలు" అన్నాడు. ఆపరేషన్ నేను చేయించుకుంటానంటే, "నీకు రెండు కాన్పులు చాల్లే, నాది చిన్న కోతేనంట" అన్నాడు. మా వీధిలో అలాంటి మగాడు ఇంకొకడు లేడు.

గుణదల తిరనాళ్ళకి పోతున్నామని అత్తకు చెప్పి, తిరనాళ్ళలో కొబ్బరికాయ కొట్టి, అటునుంచి ఆసుపత్రికి వెళ్ళి కోయించుకొచ్చాడు. మూడు నెలలు ఎడంగా ఉండమని నర్సమ్మ గట్టిగా చెప్పి పంపింది. నడుం నొప్పని వంక పెట్టి మగ్గం పక్కనే చాప వేసుకున్నాడు. "ఏమే, వాణ్ణేమన్నా అన్నావా?" అని అత్త నన్ను గుచ్చేది. ఆవిడకేం చెప్పను?

మాకు నెలంటే పడుగు. నూలు అరకొరగా వచ్చే ఆ రోజుల్లో మగ్గానికెక్కించిన ఒక పడుగు నేసి దించేసరికి నెల గడిచేది. మూడు నెలలంటే మూడు పడుగులని మా ఆయన లెక్కేసుకున్నాడు. అయితే ఆ ఏడు పెళ్ళిళ్ళ ముందు షావుకారు ఎన్నడూ లేనంత నూలిచ్చాడు. ఉదయం దిగినవాడు దీపాలవేళకు గానీ గుంటలోంచి లేచేవాడు కాదు. ఉగాది ముందురోజు మూడో పడుగు దించి, చాప చుట్టుకుని నా గదిలోకొచ్చాడు. నేనూ లెక్క అడగలేదు.

తర్వాత ఒకరోజు పడుగుకు గంజి పెడుతుంటే ఆ వాసనకు కడుపులో తిప్పింది. అత్త చూసేసింది. "ఈసారి మగపిల్లాడే" అని వీధంతా వినబడేలా అంది. లోపల మా ఆయన మగ్గం మీద నాడె చప్పుడు ఆగింది. ఆపరేషన్ అయిన సంగతి మా ఇద్దరికే తెలుసు. అయినవాడి పెళ్ళానికి కడుపెలా వస్తుందన్నదీ మా ఇద్దరికే ప్రశ్న. నాలుగు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది. అన్నం పెడితే కంచం వంకే చూసేవాడు. రేపు నన్ను పుట్టింటికి పొమ్మంటే ఈ ఇద్దర్నీ నాతో పంపుతాడా, ఉంచుకుంటాడా అని ఆలోచించేదాన్ని.

అయిదో రోజు నేనే, "ఆసుపత్రి చీటీ తీసుకో, పద" అన్నాను. బస్సులో ఆయన ముందు కూర్చున్నాడు, నేను వెనక.

నర్సమ్మ చీటీ చూసి, "మూడు నెలలు ఆగారా?" అంది.

"ఆగానండీ. మూడు పడుగులు దించాకే" అన్నాడు మా ఆయన.

"పడుగులేంటయ్యా?"

నేను తల వంచుకుని, "ఉగాది ముందురోజండీ" అన్నాను. ఆవిడ గోడ మీది క్యాలెండరు వెనక్కి తిప్పి చీటీ మీది తేదీ నుంచి వేలితో లెక్కపెట్టింది. "నలభై రెండు రోజులు. ఇన్నాళ్ళకే కలిస్తే కడుపు రాక ఏమొస్తుందయ్యా? కోసినా లోపల బీజం కొన్నాళ్ళు మిగిలి ఉంటుందని చెప్పానా లేదా?"

"నూలు బాగా వచ్చిందండీ" అన్నాడాయన, చిన్న గొంతుతో.

ఆవిడ పడీపడీ నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. తిరుగు బస్సులో నా పక్కనే కూర్చున్నాడు. బ్యారేజీ దాటాక, "నిన్ను నేనేమీ అనలేదు కదే" అన్నాడు.

"అనలేదు. అదే" అన్నాను.

పుట్టింది ఆడపిల్లే. అత్త పొత్తిళ్ళు విప్పి చూసి, "కండెలకు పనికొస్తుందిలే" అంది. ఆ పిల్ల ఒక్కనాడూ రాట్నం ముట్టలేదు. మా ఆయన ముట్టనివ్వలేదు. ఇవాళ నాకు అన్నం పెడుతున్నది అదే.

ఎంతమంది ఉంటే మంచి సంసారమని మనవరాలు అడిగితే నాకేం తెలుసు? గోడ మీద బొమ్మలో నలుగురున్నారు, టీవీలో పెద్దాయన ఇంకా కావాలంటున్నాడు. మా ఆయన పోయి పన్నెండేళ్ళు, చకచకా దిగిన పడుగుల్లా అయిపోయాయి. ఆయన మాట్లాడని ఆ నాలుగు రోజులు మాత్రం ఇంకా మగ్గం మీదే ఉన్నాయి.