అత్తయ్య వాడని నీళ్లు

ఒక ట్యాంకు నీళ్లు ఎంత బరువుంటాయో లెక్క తెలియదు. కొన్నేళ్లుగా మోస్తున్నాను గనుక తేలికైనవి మాత్రం కావు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. మధ్యలో ఆపితే మళ్లీ మొదలుపెట్టలేను, కాస్త ఓపిక పట్టండి.

అప్పుడే కెనడాలో, సస్కటూన్‌లో ఇల్లు కొనుక్కున్నాం. నా భార్య శిరీష వాళ్లమ్మ తల్లిదండ్రులు ఏళ్లపాటు ఉండడానికిచ్చే సూపర్ వీసా మీద మా దగ్గరికి వచ్చారు. ఆ వేసవిలో వంటిల్లూ స్నానాలగదీ నీళ్ల ట్యాంకూ ఉన్న ఆర్‌వీ బండి అద్దెకు తీసుకుని, బార్డర్ దాటి, అమెరికాలోని యూటా ఎడారి పార్కులన్నీ చుట్టి రావాలన్నది నా పట్టు. హోటళ్లే సుఖమని శిరీష అంది. నేను వినలేదు. వీడియోలు చూసి చూసి నాకు తెలియనిది లేదనుకున్నాను. బయల్దేరే ముందు మా చిన్న పాపతో సహా అందరినీ కూర్చోబెట్టి నీళ్ల పొదుపు మీద క్లాసు కూడా పీకాను. అత్తయ్య బుద్ధిగా తల ఊపారు. ఆవిడకు స్నానం చెయ్యకుండా దీపం పెట్టే అలవాటు లేదు. చిన్న ఇత్తడి కుంది ఒకటి వెంట తెచ్చుకున్నారు.

మొదటి పార్కు దాటాక, నీళ్లు ప్లాస్టిక్ వాసన వస్తున్నాయని ట్యాంకు మొత్తం వదిలేసి మళ్లీ నింపాను. నీళ్లు పట్టుకోడానికి వెనక బళ్లు ఆగి ఉన్నాయి. ఎవరో హారన్ కొట్టారు. కంగారులో ట్యాంకు నీళ్లు వదిలే కింది వాల్వు పూర్తిగా బిగించకుండానే వచ్చేశాను. అంతకుముందు రోజే గ్యాస్ స్టేషన్‌లో బండిని స్తంభానికి రాసేసి శిరీష చేత చీవాట్లు తిన్నాను. ఇది సాకు కాదు. ఏమో, సాకేనేమో.

ఆ రోజు దిగిన క్యాంప్‌గ్రౌండ్‌లో నీళ్ల కనెక్షన్ లేదు. మర్నాడు తెల్లవారగానే అత్తయ్య ఎప్పటిలాగే స్నానం చేసి దీపం పెట్టుకున్నారు. తర్వాత శిరీష టీకి నీళ్లు పట్టబోతే కుళాయి దగ్గి ఊరుకుంది. నేను బయటికి వెళ్లి బండి కిందికి వంగి చూశాను. ఇసుక తడిసి ముద్దయింది. వాల్వు నుంచి ఇంకా చుక్కలు పడుతున్నాయి. ఎవరూ చూడకుండా బిగించాను. ఎవరూ చూడకుండా ఎందుకు? అప్పటికే దాచాలని అనుకున్నానా?

లోపలికి వచ్చేసరికి శిరీష వాళ్లమ్మ మీద విరుచుకుపడుతోంది. "ఎన్నిసార్లు చెప్పానమ్మా? ఇదేమన్నా మనిల్లా, బకెట్లు బకెట్లు పోసుకోడానికి? పిల్లతో ఎడారి మధ్యలో ఉన్నాం!"

అత్తయ్య తలుపు దగ్గర నిలబడ్డ నా వైపు తిరిగారు. జుట్టు ఇంకా తడిగానే ఉంది.

"తప్పయిపోయింది బాబూ. చూసుకోలేదు."

నిజం నా నాలుక మీదే ఉంది. ఒక్క ముక్క చాలు. బదులుగా ఏమన్నానో తెలుసా?

"పర్లేదులెండి అత్తయ్యా."

క్షమించాను! నేను చేసిన తప్పుకు ఆవిడను క్షమించాను. పైగా "పెద్దావిడ, పోనియ్" అని శిరీషకు సర్దిచెప్పాను. ఎంత మంచివాడివి అన్నట్టు తను నా వైపు చూసింది. ఆ చూపు నాకు హాయిగా అనిపించింది. అన్నిటికంటే ఇది చెప్పడమే కష్టంగా ఉంది.

మధ్యాహ్నానికి మళ్లీ ట్యాంకు నింపుకున్నాం. అత్తయ్య మాత్రం ఆ ట్రిప్పులో ఇంక స్నానం చెయ్యలేదు. తడి తువాలుతో ఒళ్లు తుడుచుకునేవారు. కుంది సంచిలోంచి బయటికి రాలేదు. తాగడం కూడా తగ్గించేశారని నేను గమనించలేదు. ఎర్రరాళ్ల మధ్య నడుస్తూ కళ్లు తిరిగి కూలబడ్డారు. చేతిలో నీళ్ల సీసా ఉంది, మూత కూడా తియ్యలేదు. పాపకు ఉంచానన్నారు.

అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెప్పలేదు. దగ్గరుండి నీళ్లు తాగించి, గొడుగు పట్టి, అందరికంటే ఎక్కువ సేవ చేశాను. మా అల్లుడు బంగారమని ఇప్పటికీ ఫోన్‌లో వాళ్ల చెల్లెలికి చెబుతుంటారు.

ఇప్పుడది మా ఇంట్లో జోకు. తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో ఎవరైనా ట్రిప్పుల మాట ఎత్తితే చాలు, "అమ్మమ్మ ఫినిష్డ్ ఆల్ ద వాటర్!" అని మా పాప అందుకుంటుంది. అందరూ నవ్వుతారు. అత్తయ్య నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

మొన్న శిరీష మళ్లీ ఆర్‌వీ బుక్ చేద్దామంది. "మీరు వెళ్లి రండమ్మా, నేనొస్తే నీళ్లు చాలవు," అన్నారు అత్తయ్య. వేళాకోళానికి అనలేదు. ఆ నీళ్లు తనే ఖర్చు చేశానని ఆవిడ నిజంగానే నమ్ముతున్నారు. మేం జోకు చేసుకున్నది ఆవిడ ఇన్నాళ్లూ సిగ్గుగా దాచుకున్నారన్నమాట.

చెబితే ఏమవుతుంది? శిరీష నన్ను వదలదు, వాళ్లమ్మను అన్న మాటలకు తనను తానూ క్షమించుకోదు. అత్తయ్య మాత్రం "పర్లేదు బాబూ" అనేస్తారు. నేను భయపడేది ఆ మాటకే.

కింద వంటింట్లో ఆవిడ బియ్యం కడుగుతున్నారు. కుళాయి సన్నగా తిప్పుకున్నట్టున్నారు, చప్పుడు సరిగా వినిపించడం లేదు. ఆ మెట్లు దిగే ధైర్యం నాకింకా రాలేదు. కానీ ఇక్కడ ఒక్కసారి రాసుకుంటే ఊపిరి ఆడుతుందనిపిస్తోంది.

ట్యాంకు ఖాళీ చేసింది నేను, అత్తయ్యా.