బాపుకు పంపిన క్యాసెట్టు

ఇవాళ మా ఎనిమిదో తరగతి పిల్లలతో ఫోన్‌లో వీడియో ప్రాజెక్టు చేయిస్తున్నాను. కథ వాళ్లు రాసుకున్నదే. దుబాయి పోయిన తండ్రి కోసం బిడ్డ ఏడవాలి. లతకు ఏడుపు రావడం లేదు. వీడియో తీస్తున్న రజిత వచ్చి ఆమె చెయ్యి గట్టిగా గిల్లింది.

"ఏడ్వవే, నిజం లెక్క రావాలె!"

లత బోరుమంది. నా చెయ్యి చురుక్కుమంది.

గల్ఫ్ ఇళ్లల్లో పెరిగినవాళ్లారా, మీకూ గుర్తుండాలి. ఉత్తరానికి బదులు మన మాటలు క్యాసెట్టులో నింపి, అటు పోయేవాళ్ల చేతికి ఇచ్చి పంపేవాళ్లం. మా అవ్వ, అంటే అమ్మ, టేప్‌రికార్డర్ ఎర్ర మీట నొక్కి నన్ను ఇట్లాగే గిల్లింది.

"ఏడువు బిడ్డా, నీ ఏడుపు ఇంటెనన్న మీ బాపు వాపసొస్తడు."

తర్వాత ఎవరూ చెరపకుండా క్యాసెట్టు అంచున ఉండే ప్లాస్టిక్ ముక్కను కత్తెరతో విరగ్గొట్టింది. అది విరిగితే మళ్లీ రికార్డు కాదు కదా.

బాపు రెండేళ్లకు వచ్చాడు. ఆయన సంచిలో మా క్యాసెట్టు కూడా ఉంది. మళ్లీ రికార్డు అయ్యేటట్టు, విరిగిన చోట అంటుకునే టేపు వేసి ఉంది. పెడితే అన్నీ సినిమా పాటలు. పాటకూ పాటకూ నడుమ నా ఏడుపు.

"ఖాళీ క్యాసెట్టు దొరకలే," అని బాపు నవ్వాడు.

అవ్వ ఆయన్ని వదిలిపెట్టి నా దిక్కు తిరిగింది. "గట్టిగ ఏడ్వుమంటే ఏడ్వకపోతివి!"

క్లాసులో రజిత ఫోను తెచ్చి చూపించింది. "టీచర్, ఏడుపు మస్తు వచ్చింది. దీని మీద పాట పెడుదమా?"

ఫోను గుంజుకున్నాను. లత చెయ్యి ఇంకా ఎర్రగానే ఉంది.