ఎవ్వరింట్ల వద్దన్న ఫోను

ఆ రోజుల్లో మా దిక్కు ఎవరన్న "నువ్వు ఎవరి మనిషివి? పోలీసుల మనిషివా, నక్సలైట్ల మనిషివా?" అని అడిగితే సగం ప్రాణం అక్కడ్నే పోయేది. నేనైతే వెంటనే "ప్రభుత్వ ఉద్యోగిని" అనేటోన్ని. అది జవాబు ఎట్లయితదో నాకు ఇప్పటికీ తెల్వదు. టెలిఫోన్ లైన్‌మన్‌గ కొత్తగ చేరి కోరుట్లల కిరాయికుంటున్న. కోరుట్ల దగ్గరి ఇబ్రహీంపట్నం అవతల ఒక ఊరికి మొదటి ఫోను మంజూరైంది. ఆ ఊరి మొగోళ్ళు సగం మంది దుబాయిల, మిగిలినోళ్ళు పసుపు చేన్లల్ల. అడవిల ఉండే నక్సలైట్లు (మేము అన్నలు అనేది) వారానికోపారి వచ్చిపోయే ఊరు. మా పెద్ద లైన్‌మన్ "నీకింక పెండ్లి కాలేదు గదా, నువ్వే పో" అన్నడు. పెండ్లి కాకపోవుడు గిట్ల సుత పనికొస్తదని అప్పుడే తెల్సింది.

ఫోను సర్పంచు ఇంట్ల పెట్టాలె. కానీ అన్నలు బెదిరిచ్చిండ్రని ఆయన అప్పటికే రాజీనామా చేసి, ఆ ముచ్చట పేపర్ల సుత వేయించుకున్నడు. నాకు చాయ పోసి, "ఫోను మా ఇంట్ల ఉంటే పోలీసులకు ఖబర్లు చెప్తున్ననంటరు. నీకు దండం పెడ్త, తీస్కపో" అన్నడు. కిరాణం సేటు దగ్గరికి పోయిన. "పెట్టుకుంటే అన్నలకు కోపం, వద్దంటే పోలీసులకు అనుమానం. నేను ఉప్పు పప్పు అమ్ముకునేటోన్ని, సారూ" అన్నడు. బడికాడికి పోతే, నా చంకల ఫోను డబ్బా చూసి పంతులు పిల్లలకు సెలవిచ్చిండు. ఫోన్ను ఎత్తుకోని ఊరంత తిరిగిన. వాపస్ తీస్కపోతే నౌకరి పోతదని భయం, అక్కడ్నే ఉంటే నేనే పోతనని భయం.

పంచాయితీ ఆఫీసుకు తాళం ఉన్నది. దాని అరుగు మీద ఆడోళ్ళు బీడీలు చేస్తున్నరు. అందులో ఒకామెను అందరు దుబాయక్క అంటరు, పెనిమిటి అక్కడ మేస్త్రీ పని.

"ఏందయ్యా గది?"

"ఫోనక్కా."

"దుబాయి తగుల్తదా?"

"తగుల్తది."

అక్క చాట పక్కకు పెట్టి లేచింది. సర్పంచును, సేటును పిలిపిచ్చింది. "మనూరికి బస్సు రాదు, డాక్టరు రాడు. వచ్చిన ఒక్క ఫోన్ను సుత వెళ్ళగొడ్తమా? ఎవరింట్ల పెడితే వాళ్ళ మీద అనుమానమే. గందుకే ఎవ్వరింట్ల వద్దు, గీ అరుగు మీదనే పెడదాం. మాట్లాడేటోళ్ళు అందరు వినంగ మాట్లాడాలె. ఇష్టమున్నోళ్ళు చెయ్యి లేపుండ్రి" అన్నది. ఆడోళ్ళంత లేపిండ్రు. సర్పంచు చెవి గోక్కుంటున్నట్టు లేపిండు. అక్క దాన్ని సుత లెక్కవెట్టింది.

ఇగ అరుగు మీద దుబాయి సంసారాలన్నీ బజార్ల పడ్డయి. ఒక కొత్త కోడలు పావుగంట సేపు "ఊ" తప్ప ఇంకోమాట మాట్లాడలే. ఊరంత ఆ "ఊ"లకు అర్థాలు చెప్పుకున్నది.

ఒకనాడు పొద్దుగాల నేను లైను చూస్తుంటే ఇద్దరు అన్నలు వచ్చిండ్రు. "ఎవరు పెట్టుమన్నరు?" అన్నడు ఒకాయన. చేతితోని ఊరు మొత్తం చూపెట్టిన.

"మేమే పెట్టుమన్నం. దాపరికం ఏం లేదు, కూసోని వినుండ్రి" అన్నది అక్క, బీడీకి దారం చుట్టుకుంట.

నిజంగనే కూసున్నరు. ఒకామె దుబాయిలున్న పెనిమిటికి బర్రె ఈనిన ముచ్చట చెప్తుంటే మొత్తం విని, "జాగ్రత్త" అని లేచి పోయిండ్రు. ఎవరికన్నరో అడిగే ధైర్యం నాకు లేకుండె. తెల్లారి ఒక పోలీసాయన పిలిపిచ్చి, "వాళ్ళు వచ్చినప్పుడు ఫోనెందుకు చెయ్యలే?" అన్నడు. "లైను ఖాళీ లేకుండె సార్, బర్రె ఈనింది" అన్న. (నిజమే చెప్పిన. కానీ చెప్పినంక నాకే నమ్మబుద్ధి కాలే.)

రెండు నెలలకు ఊరవతల తీగె తెగింది. కత్తిరిచ్చినట్టే ఉన్నది. పోలీసులు అన్నలన్నరు, అన్నలు పోలీసులన్నరు. నేను నిచ్చెన ఎక్కితే కింద అక్కోళ్ళు పట్టుకున్నరు. సాయంత్రం రిజిస్టర్ల కారణం కాడ "గాలికి తెగింది" అని రాసిన. మా ఆఫీసరు కిటికీలకెల్లి చూసిండు. బయట ఆకు కదుల్తలేదు.

"ఏం గాలయ్యా?"

"అక్కడ రెండు దిక్కులకెల్లి కొడ్తది సార్."

ఆయన నవ్వకుంటనే సంతకం పెట్టిండు. ఇప్పుడు తలుచుకుంటే, అంత భయంల సుత తీగె మాత్రం సక్కగ అతికిచ్చి దిగిన అప్పటి నాలోని పిరికి పోరని మీద నాకు కొంచెం ముద్దొస్తది.