మా బావ బెండు తీయాలనుకున్న రోజులు

పోయిన నెల మా అమ్మాయి కారు నడుపుతుంటే పక్కన కూర్చుని కల్వకుర్తి నుంచి పాలమూరుకు బయలుదేరాను. జడ్చర్ల దాటాక, నున్నగా ఉన్న రోడ్డు మీద ఎక్కడి నుంచి ఊడిపడిందో ఒక గుంత, ముందు ఎడమ చక్రం అందులో దబ్బున పడింది, అప్పటి నుంచి స్టీరింగు చలిజ్వరం వచ్చినట్టు వణకసాగింది. పాలమూరులో మొట్టమొదట కనపడిన టైర్ల షోరూముకు తీసుకుపోయాము. మమ్మల్ని అద్దాల గదిలో చల్లగా కూర్చోబెట్టి, అక్కడి ఉద్యోగి చక్రం ఊడదీసి, ఒక్క తిప్పు తిప్పి చూసి, ఇది పనికిరాదు కొత్తది వేసుకోవాలని చెప్పి, దాన్ని వెనకనున్న పాత ఇనుము కుప్ప మీదికి విసిరేశాడు. నాకు కూర్చోబుద్ధి కాలేదు. లేచి వెళ్లి చూస్తే అంచు మీద ఒక బొటనవేలు పట్టేంత సొట్ట, అంతే. అరగంట పని. దీనికి కొత్త చక్రమా అని నోటిదాకా వచ్చింది గానీ, మా అమ్మాయి నా చేయి పట్టుకుని మళ్లీ లోపలికి తెచ్చి కూర్చోబెట్టింది.

నా ఈడు వాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు, మన వైపు సైకిలు దుకాణం నుంచి లారీ షెడ్డు దాకా వంగిన చక్రాన్ని సరిచేయడాన్ని బెండు తీయడం అంటాము. మనిషి పొగరు అణచడానికి కూడా మనకున్నది అదే మాట. మొదటి రకం బెండ్లు నేను లెక్కలేనన్ని తీశాను. రెండో రకం ఒకే ఒక్క మనిషికి తీయాలనుకున్నాను. ఆ మనిషి మా బావ, మా అక్క పెనిమిటి. ఆ రోజు మేము పోతున్నది ఆయన ఇంటికే, తొమ్మిదేళ్ల తరువాత.

మాది గొర్లు కాచిన కుటుంబం. నాకు గొర్ల వెంట తిరగడం ఇష్టం లేదని మా బాపు నన్ను పాలమూరులో బావ నడిపే చక్రాల దుకాణంలో పెట్టాడు, అక్కడే ఇరవై ఏళ్లకు పైగా ఉండిపోయాను. బావ ముందు గద్దె మీద కూర్చుని వచ్చినవాళ్లతో మాట్లాడేవాడు, వెనక రేకుల కింద పని నాది. పాత జీపులో చక్రం బిగించే హబ్బును నిలువు గొట్టానికి వెల్డింగు చేయించి భూమిలో పాతుకున్నాను. వంగిన డిస్కును, అంటే టైరు ఊడదీసిన ఇనుప చక్రాన్ని, దానికి బిగించి, అంచుకు వెంట్రుకవాసి దూరంలో ఒక మేకు నిలబెట్టి మెల్లగా తిప్పితే, వంకర ఉన్నచోట మేకు గీరుకుని సన్నగా చప్పుడయ్యేది. అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టి, తుమ్మ చెక్క అడ్డం పెట్టి, సమ్మెటతో కొసల నుంచి నడిమికి వస్తూ చిన్నచిన్న దెబ్బలు వేయాలి. తొందరపడి ఇనుమును ఎర్రగా కాల్చి, దాని మీద నీళ్లు చల్లారో, పైకి చక్కగానే కనపడుతుంది, లోపల మాత్రం చచ్చిపోతుంది. నేను ఎన్నడూ కాల్చలేదు. పని అయిపోయాక గాలి పట్టే బెజ్జం పక్కన పంచి ఉలితో మూడు చుక్కలు కొట్టేవాణ్ణి. మా బాపు తన గొర్రెల చెవులకు గాటు పెట్టేవాడు, ఎవరి మందలో కలిసినా ఇది నాదని చెప్పుకోవడానికి, నాకు ఆ అలవాటు అట్లా వచ్చింది.

తెలంగాణ వచ్చిన కొత్తల్లో నేను బీరప్ప పండుగకు మా ఊరికి పోయి నాలుగు రోజులు ఉన్నాను. ఆ నాలుగు రోజుల్లో దేవరకొండ వైపు నుంచి ఒకాయన తొందర మీద వస్తే, పని వదులుకోవడం ఇష్టంలేక బావ ఆయనను ముందు కూర్చోబెట్టి, వెనక తానే సమ్మెట పట్టాడు. కాల్చాడు, కొట్టాడు, నీళ్లు చల్లాడు, పంపేశాడు. నెల తిరిగేసరికి ఆ డిస్కు నడిచే బండి కింద పగిలి, బండి రోడ్డు దిగి కాలువలో పడింది. ప్రాణాలు పోలేదు గానీ ఆయన తల్లి కాలు విరిగి మంచాన పడింది. ఆయన దుకాణానికి వచ్చి నలుగురిలో నిలదీశాడు. నేను వెనక నుంచి సమ్మెట చేతిలో పట్టుకునే ముందుకు వచ్చాను, బావ నా వైపు చూడనైనా చూడకుండా ఆ మాట అన్నాడు.

"నేను ఎన్నడన్న సుత్తె పట్టంగ చూసిండ్రా? బెండు తీసేది మా బామ్మర్ది. ఆయిన్నే అడుగుండ్రి."

ఏ రోజు చేయించారో, ఆ రోజు నేను ఊళ్లో ఉన్నానో లేనో ఎవరికి గుర్తుంటుంది? చెప్పబోయాను. దుకాణం వెనకే వాళ్ల ఇల్లు, తలుపు దగ్గర మా అక్క నిలబడి, ఊరుకోమన్నట్టు కళ్లతోనే బతిమాలింది. ఊరుకున్నాను. నా జీవితంలో అంత తెలివితక్కువ పని మరొకటి చేయలేదు. ఇనుము చచ్చేట్టు చేశాడన్న పేరు నా నెత్తిన పడింది, ఇరవై ఏళ్లు కొట్టిన మూడు చుక్కలు ఒక్క మాటతో తుడిచిపెట్టుకుపోయాయి. జనం పోయాక సమ్మెట బావ కాళ్ల ముందు పడేసి, నీ బెండు తీయకపోతే నేను మా బాపుకు పుట్టలేదని చెప్పి వచ్చేశాను.

కల్వకుర్తిలో ఇంటి ముందు గొర్రెపిల్లలను కట్టేసే జాగా ఉండేది. అక్కడే గొట్టం పాతి, హబ్బు బిగించి సొంతంగా పని మొదలుపెట్టాను. బోర్డు రాయడానికి వచ్చిన పెయింటరుకు 'ఇచ్చట కార్ల చక్రములకు బెండు తీయబడును' అని చెప్పి, బెండు తీయడం దూరానికి కనపడేట్టు రాయమన్నాను. అతను దాన్ని ఎంత పెద్దగా రాశాడంటే తక్కినదానికి చోటు లేక, కార్లను, చక్రాలను పైన చీమల బారులాగా ఇరికించాడు. పైగా మా గేటు వైపు చూపించవలసిన బాణం గుర్తును తిప్పి గీశాడు. రోడ్డు మీద పోయేవాళ్లకు కనపడేది 'బెండు తీయబడును' అన్న మాట, ఆ పక్కన పాలమూరు దిక్కుకు ఒక ఎర్ర బాణం. తప్పు దిద్దుతానని పెయింటరు పాపం మరునాడే వచ్చాడు. మా ఇంటామె అడ్డం పడింది.

"ఒక్క అచ్చరం గూడ ముట్టకు. గా బాణమసలే తుడ్వకు. ఎవలికి తాకాల్నో ఆళ్లకే తాకుతది."

తాకింది. వారం తిరగకుండానే బావ కల్వకుర్తికి వచ్చి, మా బామ్మర్ది నన్ను కొడతానని రోడ్డు మీద బోర్డు కట్టాడని పోలీసు స్టేషనులో చెప్పుకున్నాడు. ఒక జవాను జీపులో వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని బోర్డు చదివి, ఎవని బెండు తీస్తవయ్యా అని అడిగాడు. కార్లదే సారూ అని పైన ఉన్న చీమల బారు చూపించాను. దగ్గరికి వచ్చి కళ్లు చికిలించి చదువుకుని పడిపడి నవ్వాడు. జీపు ముందు చక్రం ఊగడం నేను అది వచ్చేటప్పుడే చూశాను, అడిగి ఊడదీసి బెండు తీసి, మూడు చుక్కలు కొట్టి పంపాను. ఆ కథ ఆ జవాను నోటనే బస్టాండు దాకా పాకి, బావను చూసినవాళ్లంతా బోర్డు సంగతి అడగడం మొదలుపెట్టారట. విన్న రోజు నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

అది చాలదు నాకు. నాకు కావలసింది ఆ పగిలిన డిస్కు. దాని మీద నా చుక్కలు లేవని నలుగురికీ చూపించాలి, బావ నోటితోనే నిజం చెప్పించాలి. దేవరకొండ రోడ్డున పోయే డ్రైవర్లందరినీ అడిగి అడిగి, ఏడాది గడిచాక ఆ ఇల్లు పట్టుకున్నాను. వాకిట్లో మంచం మీద ఆ ముసలవ్వ కాలు చాపుకుని కూర్చుని ఉంది. నేనెవరినో చెప్పగానే నన్ను కిందినుంచి మీదికి చూసింది.

"నువ్వేనా నా కాలు ఇరగ్గొట్టిన మొనగానివి? రా, కూసో. ముందుగాల చాయ తాగు, మల్ల తిడ్త."

చాయ తాగాను, తిట్లు తిన్నాను, తరువాత నా మాట చెప్పాను. ఆ డిస్కు ఎక్కడికీ పోలేదు, అదే వాకిట్లో నీళ్ల బిందె కింద కుదురుగా ఉంది. బిందె దించి, పాచి కడిగి, గాలి బెజ్జం పక్కన వేలుతో తడిమాను. నున్నగా ఉంది. పగిలినచోట ఇనుము కాలి నీలంగా తేలింది. అవ్వ కూడా వంగి తడిమి చూసి, తీసుకుపో బిడ్డా, నాది కూడా కలిపి అడుగు అని ఇచ్చేసింది. ఆ డిస్కు ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చుంటే కలిగిన సంతోషం నాకు నా పెళ్లినాడు కూడా కలగలేదు. చెప్పుకోవడానికి సిగ్గుపడను.

అదను కోసం ఆగాను. బావ దుకాణాన్ని పెద్దది చేసి, బాలెన్సింగు మిషను తెచ్చి పూజ పెట్టుకున్న రోజున, చుట్టాలు, డ్రైవర్లు, వీధిలోవాళ్లు అందరూ ఉండగా, ఆ డిస్కును దొర్లించుకుంటూ తిన్నగా పూజ దగ్గరికే పోయాను. నా చేతిది అయితే మూడు చుక్కలు చూపించమని అడిగాను. బావ మొహంలో నెత్తురు చుక్క లేదు, నేను గెలిచాననే అనుకున్నాను. అంతలో ఆయన తల అడ్డంగా ఊపి జాలిగా నవ్వాడు.

"గా దినం చుక్కలు పెట్టుడు మర్చిపోయిండు పాపం. మనిషన్నంక మర్చిపోడా?"

జనం నిజమే అన్నట్టు తలలూపారు. నేను అక్క వైపు తిరిగి, ఆ రోజు నేను బీరప్ప పండుగలో ఉన్నానని నీకు తెలుసు, నువ్వన్నా చెప్పు అని అరిచాను. అక్క చేతిలో హారతి పళ్లెం ఉంది. కొబ్బరికాయ కొట్టే జాగల గీ లొల్లేంది తమ్మీ, ఇంటికి పో, అంది. ఇంటికి వచ్చాను. ఆ ఏడు రాఖీ పున్నానికి అక్క రాలేదు, నేను పిలవలేదు, అట్లా తొమ్మిది పున్నాలు గడిచాయి.

ఆ తరువాతి నాలుగైదేళ్లు నేను పనిచేసినంత కసిగా ఎవరూ చేసి ఉండరు. శ్రీశైలం రోడ్డున తిరిగే బండ్లన్నీ మా వాకిట్లోకే వచ్చేవి. బావ మిషను పనికిరావని తిప్పి పంపిన డిస్కులను వెతికి తెప్పించుకుని మరీ బాగుచేసి, ఇది ఎక్కడ తిరగ్గొట్టారో చెప్పమని వచ్చినవాళ్ల నోటితో బావ పేరు చెప్పించుకునేవాణ్ణి. సమ్మెట ఎత్తిన ప్రతిసారీ నాకు సుద్ద గుర్తు కాదు, బావ బట్టతలే కనపడేది. మనసులో ఇంత విషం పెట్టుకుని చేసిన పని అంత నికరంగా ఎట్లా వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఒక్క డిస్కు కూడా తిరిగి రాలేదు.

తరువాత అలాయ్ చక్రాలు వచ్చాయి. అవి దెబ్బకు వంగవు, విరుగుతాయి, నేను ముట్టేవాణ్ణి కాదు. ఆ వెనకే అద్దాల షోరూములు వచ్చాయి, బాగుచేయడం పోయి మార్చడం వచ్చింది. నా వాకిలి ఖాళీ అయింది, అదే ఊపులో బావ దుకాణం కూడా మూతపడిందని తెలిసింది. నేను ముంచవలసిన మనిషిని నాకు ముక్కూముఖం తెలియనివాళ్లు ముంచేశారు. సంతోషపడాలో, నా వంతు కూడా వాళ్లే ఎత్తుకుపోయారని మండిపడాలో తెలియక రెండూ చేశాను.

పోయిన నెల అక్క ఫోను చేసి, బావకు మతి నిలవడం లేదు, ఒకసారి వచ్చి పో తమ్మీ అంది. ఓదార్చడానికి పోలేదు నేను. పడిపోయిన మనిషిని కళ్లారా చూడాలని పోయాను, ఈ వయసులో అబద్ధమెందుకు. షోరూములో కొత్త చక్రం వేయించుకుని వెళ్లేసరికి బావ ముందు గదిలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు, చిక్కి సగమయ్యాడు. నన్ను గుర్తుపట్టలేదు. దుకాణానికి వచ్చిన ఎవరో అనుకుని కూర్చోమన్నాడు. అక్క చాయ పెట్టడానికి లోపలికి పోయింది, మా అమ్మాయి కారు నీడకు పెట్టడానికి బయటికి పోయింది. గదిలో మేమిద్దరమే.

"డిస్కు బెండయిందా? మా బామ్మర్ది ఉంటే చిటికెల తీసెటోడు. వాని లెక్క బెండు తీసెటోడు గీ జిల్లాల పుట్టలే. వాని మీద ఒక్క అబద్దమాడిన సారూ. డిస్కు కాల్సింది నేను, వాని పేరు చెప్పిన. అలిగిపోయిండు. మల్ల రాలే."

పదేళ్లుగా నేను ఏ మాట కోసం పళ్లు కొరుకుతూ బతికానో, ఆ మాట ఇంత తేలిగ్గా, పక్కింటివాడి సంగతి చెప్పినట్టు చెప్పేశాడు. వినడానికి నేను తప్ప ఒక్కరూ లేరు. అక్కా జర ఇటు రా అని గట్టిగా పిలిచాను. అక్క చాయ గ్లాసులతో పరుగున వచ్చింది. నేను ఆయన భుజం పట్టుకుని ఊపి, బావా మల్లొక్కసారి చెప్పు, ఆ డిస్కు కాల్చింది ఎవరు, అక్క ముందల చెప్పు అని అడిగాను. నా గొంతు నేనే వినలేనంత మొరటుగా వచ్చింది. ఆయన నా చేతిని చూశాడు, నన్ను చూశాడు, అక్కను చూశాడు. అక్క గ్లాసులు కింద పెట్టి, చెప్పించకు తమ్మీ, నాకెరికే, ఆనాడే ఎరికె అని ఏడ్చింది.

ఇప్పుడు ఈ రెండు జిల్లాలు వెతికినా వంగిన చక్రాన్ని తిప్పి చూసి ఎక్కడ వంగిందో వినేవాళ్లు దొరకరు. వంగితే పారేయడమే, అన్నిటికీ కొత్తది ఉంది. ఒకప్పుడు మంచి అయినా చెడు అయినా చేసిన చేయి ఎవరిదో తెలిసేది, తిట్టుకోవడానికైనా మొక్కడానికైనా మనిషి ఎదురుగా ఉండేవాడు. నా కోపం మాత్రం పాత సరుకు, అది నా దగ్గర చెక్కుచెదరకుండా ఉంది. తీర్చుకుందామంటే మా బావ ఆ కుర్చీలో ముందుకు వంగి, ఎంతో మర్యాదగా, చక్రం ముందుదా సారూ ఎనుకదా అని నన్ను అడుగుతున్నాడు.